అతిథి చేతి రొట్టె

మట్టీ మట్టీ, మేకబొచ్చూ,
తొక్కే కాలికి వెండి గజ్జే...

ఆ తరవాతి ముక్క మాహ్‌పరికి ఎంతకీ గుర్తు రాదు. నిప్పు గురించి ఏదో ఉండాలి. కాదు, నిప్పుకి ఇల్లు కట్టడం గురించి. సొంతూరు తాలొఖాన్‌లో చిన్నప్పుడు అమ్మమ్మా, అమ్మా, తనూ ఒకరి భుజాలొకరు పట్టుకుని, గుండ్రంగా తిరుగుతూ, తందూరు మట్టి తొక్కుతూ పాడిన పాట అది. పాట నోట్లో కాక కాళ్ళలో ఉండేది కాబోలు. కాళ్ళకి పని పోయేసరికి పాట కూడా జారిపోయింది.

ఇప్పుడా కాళ్ళు పొద్దస్తమానం బొంత మీద చాపుకుని ఉంటాయి.

కొడుకు వదూద్‌ని వెంటబెట్టుకుని సరిహద్దులోని పంజ్ నది దాటి ఈ ఊరొచ్చాక రెండు చలికాలాలు గడిచాయి. మమ్మల్ని ఇక్కడ ఉండనివ్వండి అని పెట్టుకున్న అర్జీ ఆఫీసులో ఎక్కడో ఉంది. అది తేలేదాకా ఉండొచ్చు, తినొచ్చు, వీధిలో తిరగొచ్చు. పని మాత్రం చెయ్యకూడదు. డబ్బు పుచ్చుకుని చేసినా తప్పే, ఊరికే చేసినా తప్పే. చేశారని తెలిస్తే అర్జీ కొట్టేసి నది అవతలికి పంపేస్తారు. అవతల వాళ్ళకోసం ఏం కాచుకుని ఉందో వదూద్ వీపు మీది మచ్చల్ని అడిగితే చెబుతాయి.

వాళ్ళకి తలదాచుకోను చోటిచ్చింది హోజర్‌బీబీ. భర్త పోయిన మనిషి. కొడుకు రష్యాలో కట్టడం పనుల్లో ఉన్నాడు. ఇంట్లో ఉన్నది తనూ, నెలలు నిండుతున్న కోడలు జుమ్రద్. పెద్ద వాకిలి, ఒక మూల జల్దారు పళ్ళ చెట్టు, ఇంకో మూల తందూరు. చెట్టు కింద చెక్కమంచం, దాని మీద వరసగా బొంతలు. గుమ్మానికి దూరంగా, పైకొసన ఉన్న బొంత అతిథిది. అది మాహ్‌పరిది.

రోజూ తెల్లవారితే ఒకటే తంతు. మాహ్‌పరి లేచి వాకిట్లోకొచ్చి చీపురు వైపు చెయ్యి చాపుతుంది. చెయ్యి చేరేలోపే చీపురు హోజర్‌బీబీ చంకలో ఉంటుంది.

"అయ్యయ్యో, మీరెందుకు వదినగారూ! కూర్చోండి, కూర్చోండి."

"రెండు ఆకులే కదండీ, ఊడ్చేస్తాను."

"అతిథి చేత ఆకులు ఊడిపించానని తెలిస్తే నా మొహాన ఉమ్మేస్తారు. మీరు అలా పైకి జరగండి."

మాహ్‌పరి పైకి జరుగుతుంది. హోజర్‌బీబీ టీ తెస్తుంది. గిన్నె అడుగు తడిసేంతే పోస్తుంది. గౌరవమైన అతిథికి అలాగే పొయ్యాలి, మాటిమాటికీ లేచి మళ్ళీ పొయ్యడంలోనే ఉంది మర్యాదంతా. ఇంట్లోవాళ్ళకైతే గిన్నె నిండా ఒక్కసారి పోసి, తన పని తను చూసుకుంటుంది. రెండేళ్ళుగా మాహ్‌పరి నిండు గిన్నె టీ ఎరగదు.

ఆ ఇంటి తందూరు సంగతి కూడా చెప్పాలి. ఆ ఇంటిదనేముంది, ఆ ఊరి తందూరులన్నీ అంతే. అతిథి చేతి రొట్టెని అవి పట్టుకోవు. ఇంటిమనిషి పిండి చరిచి గోడకి కొడితే అతుక్కుని, ఉబ్బి, ఎర్రగా కాలుతుంది. అదే పిండి, అదే నిప్పు, అతిథి కొడితే జారి బూడిదలో పడుతుంది. వానాకాలం తడుస్తామని తెలిసినట్టే అక్కడివాళ్ళకి ఇదీ తెలుసు. పెళ్ళైన కొత్తలో జుమ్రద్ రొట్టెలు కూడా వారం పొడుగునా బూడిదలోనే పడ్డాయి. ఒకరోజు పాలు పొంగిపోతుంటే ఆ పిల్ల చూస్తూ నిలబడింది. "కళ్ళు ఏ కొండ మీద పెట్టావే!" అని హోజర్‌బీబీ గయ్యిమంది. ఆ పూట నుంచి జుమ్రద్ రొట్టె గోడ వదిలితే ఒట్టు. తిట్టు తిన్నందుకు ఏడుస్తూ, రొట్టె నిలిచినందుకు నవ్వుతూ కాల్చిందని వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

మాహ్‌పరి వచ్చిన కొత్తలో ఒకసారి, ఎవరూ చూడకుండా, ఒక రొట్టె కొట్టింది. పడిపోయింది. రొట్టె బూడిదపాలు కావడం ఎవరింట్లోనైనా తప్పే. హోజర్‌బీబీ దాన్ని తీసి, దులిపి, ముద్దుపెట్టుకుని, నుదుటికి ఆనించుకుని, "పరవాలేదు వదినగారూ, మీరు అతిథులు కదా" అంది ఎంతో ప్రేమగా. ఆ ప్రేమకి వంగిన మాహ్‌పరి తల మళ్ళీ లేవలేదు. ఆ రోజు నుంచి తన ముందు పెట్టిన రొట్టెని సూటిగా చూడలేక, ఎటో చూస్తూ తుంచుకోవడం అలవాటైంది.

ఇంకొకరి వాకిట్లో పెళ్ళి జరిగితే అక్కడా పై బొంతే. ఆడవాళ్ళంతా గుండ్రంగా కూర్చుని పలావుకి క్యారెట్లు తరుగుతుంటారు. కత్తుల చప్పుడూ, కబుర్లూ, ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వులూ. మాహ్‌పరి మాత్రం పైన, పెళ్ళికూతురి తల్లికంటే ఎత్తులో, ఉత్త చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది. ఆ చేతుల్ని ఎక్కడ దాచాలో తెలీదు. శాలువా కిందికి తోస్తే దొంగసొత్తు దాచినట్టుంటుంది.

"అతిథులట, అతిథులు!" అని ఒకామె పక్కామెతో అనడం ఒక పెళ్ళిలో వింది. "మావాడు మాస్కోలో మెట్లు తుడుస్తున్నాడు. వీళ్ళ కొడుకు చూడు, గోడకి ఆనుకుని గడ్డం పెంచుతున్నాడు."

"ఊరుకోవే, వినపడుతుంది."

"వినపడనీ. మనవాళ్ళు అక్కడ పని చేసుకోనివ్వమని కాగితం కొనుక్కుంటారు. వీళ్ళిక్కడ పని చెయ్యకుండా ఉండడానికి కాగితం పట్టుకు తిరుగుతారు."

ఇద్దరూ నవ్వారు. మాహ్‌పరికి కూడా నవ్వొచ్చేదే, ఆ మాట తన గురించి కాకపోతే. ఇంటికొచ్చాక వదూద్‌తో చెప్పలేదు. వదూద్ చేతుల్లో కూడా పనుంది, తలుపులూ కిటికీలూ చేసే వడ్రంగి. ఇప్పుడు మేకు కనపడితే మొహం తిప్పుకుంటాడు.

చలికాలం వెళ్తూ వెళ్తూ భూమి ఒకసారి కదిలింది. పెద్దదేం కాదు, అల్మరాలో గిన్నెలు గలగలమన్నాయి, కోళ్ళు అరిచాయి. అందరూ వాకిట్లోకి వచ్చి, మళ్ళీ లోపలికి పోబోతుంటే జుమ్రద్ కేక పెట్టింది.

"అత్తయ్యా, తందూరు!"

పైనుంచి కిందికి నిలువునా పగిలింది. పగులులోంచి అవతలి గోడ కనిపిస్తోంది.

హోజర్‌బీబీ అక్కడే చతికిలబడింది. ఊళ్ళో తందూరులు చేసే ముసలమ్మ కిందటి ఏడే పోయింది. ఆమె కూతుళ్ళు ఆ పని నేర్చుకోలేదు. పట్నంలో ఇనప తందూరులు అమ్ముతారు గాని, ఆ ఊళ్ళో వాటి రొట్టె చంటిబిడ్డ తల్లికి పెట్టరు. నలభై రోజులూ బాలింత ఇంటి తందూరు రొట్టే తినాలి. వీధిలో ఇంకో రెండు తందూరులు కూడా పగిలాయని సాయంత్రానికి తెలిసింది.

మాహ్‌పరి పై బొంత మీద కూర్చునే ఆ పగులుని చూసింది. మేకబొచ్చు తక్కువైంది, అనుకుంది. మట్టి నానింది చాలలేదు. ఆమె అనుకోకుండానే కాళ్ళ వేళ్ళు బొంతని తొక్కడం మొదలుపెట్టాయి.

"వద్దమ్మా," అన్నాడు వదూద్, అడగకముందే.

"నేనేమన్నానురా?"

"నీ కాళ్ళు అంటున్నాయి. చెయ్యి కదిపావని తెలిస్తే మన అర్జీ చెత్తబుట్టలో వేస్తారు. నేను మళ్ళీ ఆ నది దాటలేను."

"ఆ పిల్ల పురిటికి ఉంది. రెండేళ్ళు తిన్నాంరా వీళ్ళ రొట్టె."

"తిన్నాం కాబట్టే చెబుతున్నాను. సిగ్గుకి ప్రాణం పోదు. అటు పంపిస్తే పోతుంది."

సిగ్గుకి ప్రాణం పోదన్నది నిజమేనేమో. కాని బతికి ఉన్నట్టు కూడా ఉండదు. మర్నాడు ఆమె ఊరి పక్క కాఫిర్నిగాన్ నది ఒడ్డు నుంచి పసుపుపచ్చ మట్టి ఒక సంచీలో మోసుకొచ్చింది. హోజర్‌బీబీ గుండెలు బాదుకుంది.

"వదినగారూ! మీరు మట్టి మొయ్యడమేమిటి!"

"పని కాదండీ," అంది మాహ్‌పరి, నేల చూపులు చూస్తూ. "చిన్నప్పటి ఆట. కాలక్షేపానికి ఆడుకుంటాను. మీరు చూడకండి."

అంత బతిమాలుతున్న గొంతు విని హోజర్‌బీబీ పక్కకి తప్పుకుంది. మాహ్‌పరి మేకబొచ్చు సన్నగా కత్తిరించింది. ఉప్పునీళ్ళు చల్లి, పైజామా మోకాళ్ళ దాకా మడుచుకుని మట్టిలోకి దిగింది. చల్లటి మట్టి వేళ్ళ సందుల్లోంచి పైకొచ్చింది. అమ్మా అమ్మమ్మా లేరు, భుజం పట్టుకోవడానికి జల్దారు కొమ్మ ఉంది. మట్టి తడిగుడ్డ కింద నాని, పాములా చుట్టలు చుట్టుకుంటూ, తందూరు గోడై రోజుకి జానెడు లేచింది. లోపలి గోడని అరచేత్తో నిమిరితే గరుకు ఎక్కడుండాలో, నునుపు ఎక్కడుండాలో చెయ్యే చెప్పింది. ఎండనిచ్చి, చుట్టూ మట్టి దట్టించి, లోపల పత్తిగింజల నూనె పూసి, పత్తికంపతో సన్నగా మొదటి నిప్పు వేసింది. వదూద్ అన్ని రోజులూ కిటికీలోంచి వీధి వైపు కాపలా కాశాడు.

జుమ్రద్ కొట్టిన మొదటి రొట్టె గోడకి అతుక్కుని, పెళ్ళికూతురి బుగ్గలా ఉబ్బింది. వీధి ఆడవాళ్ళు ఒక్కొక్కళ్ళే నిప్పు అడగడానికని, ఉప్పు అడగడానికని వచ్చి తందూరులో తల దూర్చి చూసి వెళ్ళారు. పెళ్ళిలో నవ్వినామె కూడా వచ్చింది. వెళ్తూ గుమ్మం దగ్గర గొంతు తగ్గించి, "మాదీ పగిలిందండీ... మీ ఆట ఇంకా ఐపోకపోతే..." అని నీళ్ళు నమిలింది.

ఎవరు చెప్పారో తెలీదు. చెప్పకపోయినా అంత కమ్మటి వాసన ఎక్కడ దాగుతుంది? వారం తిరక్కుండా వార్డు ఇన్‌స్పెక్టర్ రజబలీ వచ్చాడు. ఆ వీధిలోనే పుట్టి పెరిగినవాడు. టోపీ తీసి చేత్తో పట్టుకుని, వాకిలి మధ్యలో ఇబ్బందిగా నిలబడ్డాడు.

"పెద్దమ్మా, మీ ఇంట్లో ఉన్నవాళ్ళు పని చేస్తున్నారని ఫిర్యాదొచ్చింది."

"ఎవడ్రా ఆ కడుపుమంట వెధవ?"

"పేరు చెప్పకూడదు. అలా చేస్తున్నట్టైతే నేను రాసివ్వాలి. రాస్తే వాళ్ళ సంగతి మీకు తెలుసు."

వదూద్ మొహం గోడ సున్నంలా అయింది. హోజర్‌బీబీ మాత్రం నడుం మీద చేతులు పెట్టుకుంది.

"నా ఇంట్లో అతిథి చేత పని చేయిస్తానా నేను? నువ్వు గోచీ కట్టని రోజుల్నించి చూస్తున్నావు నన్ను! ఆవిడ అతిథి. కావాలంటే తందూరునే అడుగు. వదినగారూ, రండి. ఒక్క రొట్టె కొట్టండి."

రజబలీకి కూడా అది న్యాయంగానే తోచింది. జుమ్రద్ పిండి ముద్ద చరిచి, గుడ్డ మెత్త మీద పరిచి అందించింది. మాహ్‌పరి తన తందూరు ముందు నిలబడింది. తన చేతులు కట్టినదే అది. తన కాళ్ళు తొక్కిన మట్టే. రొట్టె రాలితే అర్జీ నిలుస్తుంది, నిలిస్తే అర్జీ రాలుతుంది. రాలమని కోరుకోవాలి, వెనక కొడుకు ఊపిరి బిగపట్టుకుని ఉన్నాడు. కాని చెయ్యి లోపలికి పెట్టిన క్షణాన, ఆ వేడి ముంజేతికి తగిలిన క్షణాన, పట్టుకో తల్లీ అని కోరుకుంది. కోరుకుని, కొట్టింది.

రొట్టె ఒక్క క్షణం ఆగింది. మెల్లగా జారి, బూడిదలో పడింది.

"చూశావా!" అంది హోజర్‌బీబీ, విజయంగా. వదూద్ కూలబడి దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడు. రజబలీ ఊపిరి పీల్చుకుని టోపీ పెట్టుకున్నాడు.

"నాకు తెలుసు పెద్దమ్మా. కాకపోతే గురువారం మా పెద్దాయన్ని తీసుకొస్తాను. ఆయన వేరే ఊరివాడు, కళ్ళారా చూస్తేగాని సంతకం పెట్టడు. ఆయన ముందు ఇలాగే ఒకటి రాల్చి చూపిస్తే ఇంక ఎవరూ రారు." గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగాడు. "మా ఇంట్లోదీ పగిలింది. మా ఆవిడ ప్రాణం తీస్తోంది. ఏం చెయ్యను, అనుమతి లేదు కదా."

హోజర్‌బీబీ రొట్టె తీసి, దులిపి, ముద్దుపెట్టుకోబోతూ మాహ్‌పరి మొహం చూసింది. చూసి, రొట్టె చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయింది. ఆ రోజు టీ పొయ్యడానికొచ్చి, గిన్నె అడుగు తడిపి, కూజా ఎత్తకుండా కాసేపు నిలబడింది. ఇంకా పొయ్యనా మాననా అన్నట్టు. చివరికి కూజా పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

తను కట్టిన ఇంట్లోకి తనే రాకూడనట్టుంది మాహ్‌పరికి. మట్టిని కూడా మోసం చేశానా అనిపించింది. ఆట అని అబద్ధం చెప్పింది కదా, మట్టి దాన్ని నమ్మింది కాబోలు. ఆ నాలుగు రోజులూ తందూరు వైపు వీపు పెట్టి కూర్చుంది.

గురువారం పొద్దున్న వదూద్ తల్లికి ఉతికిన శాలువా కప్పి, పై బొంత మీద కూర్చోబెట్టాడు. "ఒక్క రొట్టె అమ్మా. రాలుతుంది. అయిపోతుంది." జుమ్రద్ పిండి కలిపి పెట్టింది, తందూరు రాజేసింది. నడుం మీద చెయ్యి వేసుకుని ఒకసారి ఆగింది. మళ్ళీ వంగబోయి, వంగలేక, జల్దారు చెట్టు పట్టుకుని, "అత్తయ్యా!" అంది.

ఇంక వాకిలి వాకిల్లా లేదు. హోజర్‌బీబీ చెప్పు ఒకటి తనది, ఒకటి కోడలిది వేసుకుని తిరుగుతోంది. పక్కింటి అబ్బాయి కారు గేటు ముందు ఆపి హారన్ కొడుతున్నాడు. దుప్పటి మూట, టీ ఫ్లాస్కు, తువ్వాలు, మళ్ళీ దుప్పటి మూట. పిండి గంగాళం అంచు దాటి పొంగుతోంది. తందూరు గోడ తెల్లబడింది, ఇంక కాసేపట్లో వేడి దిగిపోతుంది. జుమ్రద్‌ని కార్లో కూర్చోబెట్టి, తన దుప్పట్టా కోసం వెనక్కి పరిగెత్తుకొచ్చిన హోజర్‌బీబీకి చెట్టు కింద, పై బొంత మీద, ఉతికిన శాలువాలో, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మాహ్‌పరి కనపడింది.

హోజర్‌బీబీ నోరు తెరిచింది. ఆ వచ్చిన కేకకి జల్దారు చెట్టు మీది పిట్టలు లేచిపోయాయి.

ఆ కేక ముగిసేలోపు మాహ్‌పరి నేల మీద నిలబడి ఉంది. శాలువా ఎక్కడ పడిందో చూసుకోలేదు. కారు వెళ్ళిపోయింది. చేతులు ఉప్పునీళ్ళలో ముంచి, పిండి ముద్ద చరిచి, మెత్త మీద పరిచి తందూరు ముందు నిలబడింది.

"అమ్మా," అన్నాడు వదూద్ కిటికీలోంచి. "వాళ్ళొచ్చే వేళైంది. రాలకపోతే?"

ఆమె కొట్టింది. రొట్టె అతుక్కుంది. అంచులు గోడని పట్టుకున్నాయి, నడుమ చిన్న బుడగ లేచింది. రెండోది కొట్టింది, అదీ అతుక్కుంది. మూడోది కొడుతుంటే పాటలో పోయిన ముక్క నోట్లోకి వచ్చింది, అదేనో కాదో చెప్పలేం, కట్టినమ్మకే తలుపు తీసే నిప్పమ్మ అన్నట్టుగా ఉంది. ఆమె ఏడుస్తోందో, పొగ పోయిందో కళ్ళలోకి.

వదూద్ చాలాసేపు కిటికీ దగ్గర నిలబడ్డాడు. తరవాత కిటికీలో లేడు. వాకిట్లోకొచ్చి, ఒక మోపు పత్తికంప ఎత్తుకొచ్చి తల్లి పక్కన దించాడు. ఇంకో మోపు కోసం వెనక్కి వెళ్ళాడు.

గేటు బయట ఇంకో కారు ఆగిన చప్పుడైంది. తలుపులు రెండు తెరుచుకున్నాయి, ఎవరో కొత్త మనిషి దగ్గాడు. మాహ్‌పరి పై బొంత వైపు పోలేదు. చేతిలో ముద్ద ఉంది, గోడ మీద చోటుంది. ఇందాక హోజర్‌బీబీ వేసిన ఆ కేకని, ఒక్క మాట పోకుండా, లోపల మళ్ళీ అనుకుంటూ ఆ రొట్టె కూడా కొట్టింది.

"ఏమే మాహ్‌పరీ, పిండి పొంగిపోతుంటే పెళ్ళికూతురిలా కూర్చున్నావేమే! చేతులు పడిపోయాయా? లే, రొట్టెలు కాల్చు, పచ్చిగా ఉన్నాయో, నీ సంగతి చెబుతాను! ఆ రజబలీగాడు వాళ్ళ పెద్దాయన్నేసుకుని వస్తే పై బొంత మీద కూర్చోబెట్టి, గిన్నె అడుగు తడిసేంత టీ పొయ్యి. అతిథులు వాళ్ళే కదా!"